మగ్గం మీద చుట్టం

ఆ ఎండాకాలమంతా నేను రెండు నోళ్లు మోశాను. ఒకటి మా అవ్వది, ఇంకొకటి మా పైగదిలో ఉండడానికి వచ్చిన నార్వే దేశపు అమ్మాయిది. మధ్యలో నా నోరు ఎక్కడుందో నాకే గుర్తుండేది కాదు.

మాది గద్వాల. నేతపని చేసే ఇల్లు. నేను అప్పుడు వనపర్తిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పొద్దున బస్సులో పోయి మధ్యాహ్నానికి తిరిగి వచ్చేదాన్ని. బస్సులో ఎవరైనా పలకరిస్తారేమోనని ఒడిలో ఏదో ఒక పుస్తకం తెరిచి పెట్టుకునేదాన్ని. ఇంగ్లీషు చదవడం వచ్చు, మాట్లాడడం రాదు. తెలుగులోనే మాట్లాడడం అంతంతమాత్రం. కానీ ఇంట్లో ఇంగ్లీషు అక్షరం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి, సంక్రాంతి పోయిన కొన్నాళ్లకు ఆమె సంచి భుజాన వేసుకుని మా గడపలో నిలబడ్డప్పుడు అందరూ నా మొహం చూశారు.

ఆమెకు నాకంటే ఆరేడేళ్లు ఎక్కువ ఉంటాయి. వాళ్ల దేశంలో మగ్గం పని నేర్చుకుంది. మా గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచులు పట్టు. ఆ రెంటినీ కుట్టకుండా మగ్గం మీదే కలుపుతారు. ఆ కలిపే పని నేర్చుకోవాలని వచ్చింది. నాయిన ఒప్పుకున్నాడు. ఆమె ఒక చీర మొదటి నుంచి కొంగు దాకా తన చేతులతోనే నేయాలి, మే నెల చివరకు ఆమెకు ఈ దేశంలో ఉండే గడువు అయిపోతుంది, అంతలో చీర మగ్గం నుంచి దిగాలి. "పూర్తి చేయకుండా పోను" అని మొదటి రోజే ఆమె నాతో చెప్పించింది. ఆ మాట మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ నేతకు నిలువు పోగుల పడుగు నడుమ అడ్డపోగును నడిపే నాడెలు మూడు కావాలి. నడుమ నూలుకు ఒకటి, రెండు దిక్కులా అంచులకు రెండు. ఒక్క మనిషితో అయ్యే పని కాదు, పక్కన ఇంకొకరు కూర్చుని అంచు నాడె అందించాలి. కాలేజీ ఉన్న పొద్దుల్లో నాయిన, మిగతా వేళల్లో ఆ ఇంకొకరు నేనే అయ్యాను. అట్లా నోటితో పాటు చేతులు కూడా ఆమెకు అప్పగించేశాను.

మొదట్లో అంతా బాగానే ఉంది. చలి పూర్తిగా పోని రోజులు. మిట్టమధ్యాహ్నం పని ఆపగానే ఆమె మిద్దె మీదికి పోయి, ఎండలో చాప పరుచుకుని, కళ్లు మూసుకుని కూర్చునేది. అవ్వ కింద నుంచి మెడ ఎత్తి చూసేది.

"ఏమే, ఆ పిల్లకు ఇల్లు లేదానె? మిద్దె మీద మిర్పకాయల లెక్క ఎండుతున్నది."

"వాళ్ల దగ్గర ఎండ రాదంట అవ్వా. కనపడితె ఉరికిపోయి కూసుంటరంట."

"రాకపోతె మంచిదే గద. పోయేటప్పుడు మన ఎండ గూడ జర మూట గట్టుకోమను."

ఇది నేను ఆమెకు ఇంగ్లీషులో చెప్పడానికి చాలాసేపు పట్టింది. చెప్పేసరికి నవ్వు చల్లారిపోయింది. అయినా ఆమె నవ్వింది. మర్యాద కోసం నవ్విందని నాకు తెలుసు.

మార్చిలో కిటికీల గొడవ మొదలైంది. ఉక్కగా ఉంటే కిటికీ తెరవాలని ఆమె లెక్క. బయట గాలి ఎప్పుడూ లోపలి గాలి కంటే చల్లగా ఉంటుందని పుట్టినప్పటి నుంచీ నమ్మిన మనిషి. మధ్యాహ్నం పూట మగ్గమున్న ముందు గదిలో రెండు కిటికీలూ బార్లా తెరిచేది. అవ్వ వచ్చి మూసేది. ఈమె మళ్లీ తెరిచేది. ఇద్దరూ ఒకరినొకరు ఏమీ అనుకునేవాళ్లు కారు, నా దిక్కు చూసేవాళ్లు. నేను "వేడి గాలి" అని చెప్పాను. ఆమె "గాలి గాలే కదా" అంది. ఇంకెట్లా చెప్పాలో నాకు తెలియలేదు.

ఒకరోజు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి ఆమె మగ్గం ముందు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. వడగాలికి పడుగు ఎండిపోయి పోగులు వరసగా తెగాయి. నాయిన వంగి ఒక్కొక్క పోగే ముడి వేస్తున్నాడు.

"చెప్పు బిడ్డా ఆమెకు," అన్నాడు నాతో. "మనిషికి దూపైతె నీళ్లు తాపుతం. పడుగుకేం తాపుతం?"

ఆ మాట నేను చెప్పనవసరం లేకపోయింది. తర్వాత ఆమె కిటికీల జోలికి పోలేదు. నాతో పాటు కిటికీలకు తడి గోనెసంచులు కట్టింది. మగ్గం చుట్టూ బండల మీద నీళ్లు చల్లడం, మగ్గం కింద కాళ్లు పెట్టే గుంట పక్కన నిండు కుండ పెట్టడం నేర్చుకుంది. ఇంట్లో చల్లటి చోటు మగ్గం గుంటేనని కూడా తెలుసుకుంది. పని లేనప్పుడు కూడా కాళ్లు గుంటలో వదిలి, కళ్లు మూసుకుని కూర్చునేది. భూమి లోపలి చల్లదనం పాదాల దాకానే వచ్చేది. పైన నుదుటి మీద చెమట కారుతూనే ఉండేది.

ఎండను ఎట్లాగో దారికి తెచ్చుకుంది గానీ, తిండి దగ్గరే ఆమెకూ మాకూ కుదరలేదు.

మా ఇంట్లో చుట్టం వస్తే ముందు గదిలో పీట వేసి, కంచం పెట్టి, వాళ్లకే మొదట వడ్డిస్తారు. వాళ్లు తిని లేచే దాకా ఇంట్లో ఎవరూ నోట్లో మెతుకు వేసుకోరు. తర్వాత నాయిన తింటాడు. ఆడవాళ్లం అన్నీ సర్దుకున్నాక తింటాం. చుట్టం తింటుంటే ఒకరు ఎదురుగా నిలబడి, ఏది తక్కువైందో చూసి, అడగకముందే వెయ్యాలి. అన్నం ముందు కూర్చున్న మనిషితో మాట్లాడకూడదు. ఆమెకు ఎదురుగా అవ్వ నిలబడేది. పక్కన అమ్మ కూర గిన్నెతో. ఏదైనా అడిగితే చెప్పడానికి నేను. ముగ్గురం గోడల్లాగా నిలబడి ఆమె నోటి దిక్కే చూసేవాళ్లం.

ఆమె తల వంచుకుని నాలుగు ముద్దలు తినేది. "సాలు, సాలు" అని కంచం మీద చెయ్యి అడ్డం పెట్టేది. ఆమె తెలుగులో మొదట నేర్చుకున్న మాట అదే.

కారం ఎక్కువైందని అవ్వ తీర్మానించింది. మర్నాడు మిరపకాయలు సగం చేశారు. అప్పుడూ నాలుగు ముద్దలే. ఆ తర్వాత మిరపకాయలే మానేశారు. పులుసు పలచన చేశారు. పోపు తీసేశారు.

"ఇంగ ఉప్పు గూడ తగ్గియ్యాల్నా అత్తమ్మా?" అని అమ్మ ఒకరోజు గరిటె పట్టుకుని నిలబడి అడిగింది. "ఇప్పటికే పప్పు నీళ్ల లెక్క ఉన్నది. నాకైతె పెట్టబుద్ధైత లేదు."

"తగ్గియ్యి. పిల్ల కడుపు అలవాటు లేనిది."

ఏప్రిల్ వచ్చేసరికి ఆమె మణికట్టు ఎముకలు కనిపించసాగాయి. నేస్తూ నేస్తూ మధ్యలో ఆగి, మగ్గం పలకకు నుదురు ఆనించుకునేది. అన్నం బాగాలేదా అని నేను ఒకసారి అడిగాను. "చాలా బాగుంది" అంది. నేను ఇంకో మాట అడిగే మనిషిని కాను, ఆమె ఇంకో మాట చెప్పే మనిషి కాదు. మళ్లీ నాడెలు పట్టుకున్నాం.

నాయినకు భయం పట్టుకుంది. "మనింట్ల ఈ పిల్లకు ఏమన్న అయితె ఎవరికి జవాబు చెప్తం? చీర లేదు ఏం లేదు, పంపిద్దాం" అని అమ్మతో అనడం నేను విన్నాను. ఆమెకు చెప్పలేదు. చెప్పమని ఎవరూ అనలేదు కాబట్టి.

మధ్యాహ్నం మూడు గంటలు మా ఆడవాళ్ల సమయం. నాయిన తిని ఒక కునుకు తీసే వేళ. దొడ్లో రేకుల నీడ కింద అవ్వ, అమ్మ, నేను ఒక గిన్నె చుట్టూ కూర్చునేవాళ్లం. పొద్దున చేసిన జొన్న రొట్టెలు, ఉల్లిగడ్డ, పల్లీలు పచ్చిమిరపకాయలు వేసి అమ్మ నూరిన తొక్కు. అమ్మ పుట్టిల్లు పాన్‌గల్ దిక్కు. పల్లీలు అక్కడి నుంచే వచ్చేవి. ముందు గదిలో మాట్లాడకూడనివన్నీ అక్కడ మాట్లాడుకునేవాళ్లం.

ఒకరోజు అవ్వ లోపలి నుంచి వస్తున్న నాయిన గురకను మాకు వినిపిస్తోంది. "వినున్రి, మల్దకల్ బస్సు గుట్ట ఎక్కుతున్నది" అంటోంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు ఆమె నీళ్ల కోసం పైనుంచి దిగి వచ్చింది. మమ్మల్ని చూసి మెట్ల దగ్గరే ఆగింది. నేను లేవబోయాను. ఆమె వచ్చి, చెప్పులు విడిచి, నా పక్కన నేల మీద కూర్చుంది. ఎవరినీ అడగలేదు. చెయ్యి చాపి రొట్టె తుంచి, తొక్కులో అద్దింది.

"అయ్యో, కారం! వద్దను, వద్దను!" అని అవ్వ నా మోచెయ్యి పొడిచింది.

నేను ఇంగ్లీషు వెతుక్కునేలోపు ఆమె నోట్లో పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ముక్కు ఎర్రబడింది. అయినా ఇంకో తుంపు తీసుకుంది. ఒక రొట్టె మొత్తం తిని, ఇంకోటి మొదలుపెట్టింది. అమ్మ మజ్జిగ గ్లాసు ఆమె ముందుకు జరిపింది. మేం తినడం మానేసి చూస్తున్నామని గమనించి, ఆమె చేతితో గిన్నె చూపించింది, మీరూ తినండి అన్నట్టు.

తర్వాత మెల్లగా చెప్పింది. వాళ్ల దగ్గర అందరూ కూర్చున్నాకే మొదటి ముద్ద ఎత్తుతారట. ఒకరు తింటుంటే మిగతావాళ్లు నిలబడి చూడడం రోగి దగ్గరే చూసిందట. "మీరు ముగ్గురూ ఆకలితో నిలబడి, నేను ఎప్పుడు లేస్తానా అని చూస్తున్నట్టు అనిపించేది. ముద్ద దిగేది కాదు" అంది.

నేను తెలుగులో చెప్పాను. అవ్వ నొచ్చుకుంది.

"ఎదురు సూసుడు గాదు బిడ్డా. అది మర్యాద."

అమ్మ గిన్నె తుడుస్తూ, తల ఎత్తకుండా, "జర ఎదురు గూడ చూస్తం" అంది.

అవ్వ అమ్మ దిక్కు చూసింది. తర్వాత తానే నవ్వేసింది. ఆ నవ్వును నేను ఇంగ్లీషు చేయనక్కర లేకపోయింది.

ఆ తర్వాత కొన్ని రోజులు ఆమె మాతో పాటు మూడు గంటలకే తినింది. ముందు గదిలో పీట వేయడం మానేశాం. చీర మళ్లీ కదిలింది. నాయిన ఆ వేళకు నిద్రలో ఉంటాడు, అడగలేదు, మేం చెప్పలేదు.

అట్లాగే సాగేదేమో, నాగర్‌కర్నూల్ నుంచి అత్త వచ్చింది. నాయినకు అక్క. సరిగ్గా మూడు గంటలకే దొడ్లోకి అడుగు పెట్టి, గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"ఓ యమ్మో! ఏందే ఇది! దేశం గాని దేశం నుంచి వచ్చిన పిల్లకు పొద్దుటి రొట్టె, దొడ్లె, నేల మీద! అందరు తిన్నంక మిగిలిందా పెట్టేది?"

"ఆమెనే వచ్చి కూసుంటది వదినె," అంది అమ్మ.

"వచ్చి కూసుంటే కూసోనిస్తరా? రేపు వాళ్ల ఊర్ల చెప్పుకోదా, గద్వాలల నాకు మిగిలింది పెట్టిన్రని? మా దిక్కు గిట్ల జేస్తె బజార్ల నవ్వుతరు."

సాయంత్రం ఆ మాట నాయినకు చేరింది. నాయిన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. మంచం మీద కూర్చుని చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. "రేపటి సంది ముందటనే పెట్టున్రి" అన్నాడు.

మళ్లీ పీట, మళ్లీ కంచం, మళ్లీ మా ముగ్గురి గోడ. అమ్మ ఈసారి కారం సరిగ్గానే వేసింది. అయినా నాలుగు ముద్దలే. ఎందుకిట్లా మారిందని ఆమె నన్ను అడిగింది. "మా నాయినకు మర్యాద" అని మాత్రమే చెప్పగలిగాను. ఆమె తల ఊపింది. తనకు అర్థమైందో లేదో నేను కనుక్కోలేదు. కనుక్కునే ఓపిక లేదు. పరీక్షలు దగ్గర పడ్డాయి, రోజూ కరెంటు పోయేది, పుస్తకం తెరిస్తే చెమట చుక్కలు అక్షరాల మీద పడేవి. ఆ రోజుల్లో నా డైరీలో ఒక్క పూర్తి వాక్యం లేదు.

మే మొదట్లో ఒక పొద్దున నాడె ఆమె చేతిలోంచి జారి గుంటలో పడింది. తీయడానికి వంగిన మనిషి మళ్లీ లేవలేదు. అమ్మా నేనూ చంకల కింద చేతులు వేసి బయటికి లాగాం. తడి తువ్వాల చుట్టాం. దవాఖానలో ఒక సీసా సెలైన్ ఎక్కించి, ఎండ దెబ్బ, పైగా కడుపులో ఏమీ లేదు అన్నారు.

ఇంటికొచ్చాక నాయిన గడప దగ్గర నిలబడి, "ఇంగ చాలు బిడ్డా. టికెట్ సంగతి చూసుకోమని చెప్పు" అన్నాడు.

టికెట్ అన్న మాట ఆమెకు తెలుసు. నేను నోరు తెరవకముందే గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి నా చెయ్యి పట్టుకుంది. "ఎండకు నేను ఓర్చుకుంటాను. ఒంటరిగా తినడానికే ఓర్చుకోలేను. మీ నాన్నకు చెప్పు. చీర సగం దాటింది, చెప్పు" అంది.

నాయినతో నేను అప్పటి దాకా రెండు మాటలకు మించి మాట్లాడిన గుర్తు లేదు. ఆ పూట బండల మీద గీతలు చూస్తూ మొత్తం చెప్పాను. ఆమె మాటలు అయిపోయాక కూడా ఆగలేదు. మేం నిలబడితే ఆమెకు ముద్ద దిగదని, దొడ్లో కడుపు నిండా తినిందని, తొక్కుతో రెండు రొట్టెలు తినిందని, అందుకే చీర కదిలిందని చెప్పాను. గొంతు నాది కానట్టే ఉంది.

నాయిన విన్నాడు. "అంత నిజమే కావచ్చు. కాని సుట్టాన్ని దొడ్లె కూసోబెట్టి, అక్క మొకం ఎట్ల సూడాలె? బజార్ల తల ఎట్ల ఎత్తాలె?"

"సుట్టమెవర్రా?" అంది అవ్వ లోపలి నుంచి.

గోడ పట్టుకుని వచ్చింది. "మగ్గం గుంటల కాళ్లు పెట్టినంక సుట్టమేందిరా? మీ నాయిన దగ్గర పని నేర్వనీకె ఎంతమంది వచ్చిన్రు, నువ్వు చూడలే? వాళ్లకు ముందటర్రల పీటలు ఏసిన్నా నేను? ఇంట్లోల్లు ఎప్పుడు తింటె అప్పుడు, ఏది ఉంటె అది. నేసేటి మనిషి ఇంటి మనిషే. చీర మగ్గం దిగిన నాడు సుట్టం. అప్పుడు పెడ్త నేనే, ముందట, పీటేసి. అప్పటి దాంక నాతోని తింటది. మీ అక్క అడిగితె నేను చెప్పిన్నని చెప్పు."

నాయిన మగ్గం దిక్కు ఒకసారి చూశాడు. "నీ ఇష్టం" అని చెప్పులు వేసుకుని బయటికి పోయాడు.

ఆమె నా మొహం చూసింది. "ఉంటావు" అన్నాను ఇంగ్లీషులో. ఒకే మాట సరిపోయింది.

ఆ తర్వాత రోజులు ఒకదానికొకటి అతుక్కుపోయి గుర్తున్నాయి. తెల్లవారుజామున లేచి, అంబలి తాగి, మగ్గం ముందు కూర్చునేవాళ్లం. మిద్దె వేడెక్కే లోపు ఎంత నేస్తే అంత. తర్వాత పోగులు తెగడం మొదలయ్యేది. ఒకటి ముడి వేస్తే పక్కది తెగేది. ఆమె తలకు తడి తువ్వాల, నా తలకు తడి తువ్వాల. మాట్లాడుకునేవాళ్లం కాదు. నాడె అటు, నాడె ఇటు. నాడె చప్పుడు ఆగితే ఇద్దరిలో ఒకరికి కళ్లు మూతలు పడ్డాయని అర్థం. మూడు గంటలకు దొడ్లో కూర్చున్నప్పుడు రొట్టె నమిలే ఓపిక కూడా ఉండేది కాదు. అవ్వ కబుర్లు తగ్గాయి. అయినా ఆమె తినేది, రొట్టె తర్వాత రొట్టె, పని చేసి అలసిన మనిషి తిన్నట్టు. పరీక్షలు నేను రాశాను, ఎట్లా రాశానో అడగొద్దు.

కొంగు అయిపోయిన రోజు ఎవరూ సంబరపడలేదు. ఆమె చివరి పోగు కొట్టి, చేతులు దించి, అట్లాగే కూర్చుంది. నాయిన పసుపు కుంకుమ పెట్టి, దండం పెట్టుకుని, చీరను మగ్గం నుంచి కోశాడు. బండల మీద పరిచి, అంచూ ఒళ్లూ కలిసే చోటు మీద బొటనవేలు నడిపించుకుంటూ పోయాడు. నడుమ ఒకచోట వేలు ఆగింది. ఆమె పడిపోయిన పొద్దు నేసిన చోటది, కొంచెం వంకర పోయింది. వేలు మళ్లీ కదిలింది. "మంచిగనే కుదిరింది" అన్నాడు. నేను చెప్పాను. ఆమె మొహం రెండు చేతులతో కప్పుకుంది. ఏడ్చిందో, చెమట తుడుచుకుందో.

మధ్యాహ్నం కాగానే అవ్వ ముందు గదిలో పీట వేసింది. కొత్త కంచం కడిగి పెట్టింది. అమ్మ పొద్దున్నే కూర్చుని బెల్లం పూర్ణం పెట్టి భక్ష్యాలు చేసింది, నెయ్యి కాచింది. అవ్వ ఆమె చెయ్యి పట్టుకుని తెచ్చి పీట మీద కూర్చోబెట్టింది. నాయిన గడప దగ్గర నిలబడి చూశాడు. మాట ప్రకారమే జరిగింది.

ఆమె కంచం దిక్కు చూసి, తర్వాత నా దిక్కు చూసింది.

"చీర దిగింది కదా. ఇక నువ్వు చుట్టం" అన్నాను.

"ఒక జానెడు నేయకుండా మిగుల్చుకుని ఉండాల్సింది" అంది.

ఇది అవ్వకు చెప్పాలా వద్దా అని ఆలోచించాను. "ఏమంటుందే?" అని అవ్వ అడిగింది. చెప్పాను. అవ్వ నెయ్యి గిన్నె పట్టుకుని ఉంది. వంగి, భక్ష్యం మీద నెయ్యి పోసింది, ఆమె "సాలు" అన్నా ఆగలేదు, ఇంకా పోసింది. ఆమె తల వంచుకుని తినడం మొదలుపెట్టింది. మేం ముగ్గురం నిలబడ్డాం. ఈసారి ఆమె ఒక్క మెతుకు మిగల్చకుండా, చాలా మెల్లగా, మొత్తం తినింది.

మూడు గంటలకు మేం దొడ్లో కూర్చున్నప్పుడు పైన ఆమె సామాను సర్దుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. ఆమెను పిలుద్దామని నేను మెట్ల దిక్కు లేవబోతే అవ్వ నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"వద్దు. మగ్గం దిగిన నాడు సుట్టమని నేనే అన్న గద."

అమ్మ రొట్టె తుంచింది. తలా ఒక ముక్క తీసుకున్నాం. రేకుల కింద గాలి లేదు. అవ్వ తన ముక్కను గిన్నె అంచు మీద పెట్టి, తినకుండా చాలాసేపు కూర్చుంది.